కొత్త రాకెట్ కొనే ముందు: డెమో పరీక్షల ప్రాజెక్టు డైరీ

మొదటి మెట్టు: కొలబద్ద పాత రాకెట్టే

కొనేముందు ఆడి చూసే పరీక్షకు మూడు డెమో టెన్నిస్ రాకెట్లు వచ్చాయి. ముందుగా ఫ్రేముల మీది పేర్లు, గీతలు కనబడకుండా కాగితం టేపు చుట్టాం. హ్యాండిల్ అడుగున మాత్రం ఎరుపు, నీలం, పచ్చ చుక్కలు పెట్టాం. ఇకమీదట వాటి పేర్లు అవే. పేరున్న ఆటగాడు పట్టుకునే మోడల్ అని తెలియగానే చేతికి అది బాగున్నట్టే అనిపిస్తుంది. పైగా ప్రొఫెషనల్ ఆటగాళ్లలో చాలామంది తమకు అలవాటైన పాత ఫ్రేముకు బరువులు జోడించుకుని, దాని మీద కొత్త మోడల్ రంగు వేయించుకుని ఆడతారు. దుకాణంలో దొరికేది అదే రాకెట్ అన్న నమ్మకం లేదు.

నాలుగో రాకెట్ ఇప్పుడు ఆడుతున్నదే. డెమోలో ఏది నచ్చినా, నచ్చకపోయినా దీనితో పోల్చి చెప్పాలి. అందుకే అన్నిటికంటే ముందు దీన్నే కొలిచాం. తల, అంటే తీగలుండే గుండ్రటి భాగం, 100 చదరపు అంగుళాలు. తీగల అల్లిక 16×19, అంటే 16 నిలువు తీగలు, 19 అడ్డ తీగలు. పొడవు 27 అంగుళాలు. తీగలు, ఓవర్‌గ్రిప్ (హ్యాండిల్ మీద చుట్టే పల్చటి పట్టీ) కలిపి బరువు 318 గ్రాములు. బ్యాలెన్స్ అడుగు నుంచి 32.8 సెంటీమీటర్లు.

బరువుకు ఒక గ్రాము వరకు చూపే వంటింటి తూకం చాలు. బ్యాలెన్స్‌కు స్కేలును అంచు మీద నిలబెట్టి, దాని మీద రాకెట్‌ను అడ్డంగా ఉంచి, ఎటూ ఒరగని చోట పెన్సిల్ గుర్తు పెట్టాలి. హ్యాండిల్ అడుగు నుంచి ఆ గుర్తు దాకా దూరమే బ్యాలెన్స్. 27 అంగుళాల రాకెట్‌కు సరిగ్గా మధ్య 34.3 సెంటీమీటర్లు. పాయింట్ల లెక్కలో ఒక పాయింట్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, దాదాపు 3.2 మిల్లీమీటర్లు. కాబట్టి పాత రాకెట్ ఐదు పాయింట్లకు కాస్త తక్కువ హెడ్‌లైట్, అంటే బరువు ఆ మేరకు హ్యాండిల్ వైపు ఉంది.

కాగితాల మీది అంకెలు చదివేటప్పుడు ఒక సంగతి చూసుకోవాలి. తయారీదారులు చాలావరకు తీగలు లేని ఫ్రేము అంకెలే ముద్రిస్తారు. తీగలు వేస్తే 15 నుంచి 18 గ్రాములు పెరుగుతుంది, బ్యాలెన్స్ దాదాపు ఒక సెంటీమీటరు తల వైపు జరుగుతుంది, స్వింగ్‌వెయిట్ (తిప్పేటప్పుడు తెలిసే బరువు) 30 అంకెల దాకా ఎక్కుతుంది. తీగలున్న రాకెట్ అంకెను తీగలు లేని రాకెట్ అంకెతో పోలిస్తే ఆ పోలికకు అర్థం లేదు.

ఓవర్‌గ్రిప్ సంగతీ ఇంతే. దాని బరువు 5–6 గ్రాములే అయినా అదంతా హ్యాండిల్ మీద పడుతుంది. దాంతో బ్యాలెన్స్ సుమారు 4 మిల్లీమీటర్లు చేతి వైపు జరుగుతుంది, స్వింగ్‌వెయిట్ మాత్రం దాదాపు కదలదు. ఒక డెమోకు ఓవర్‌గ్రిప్ ఉండి ఇంకోదానికి లేకపోతే మొదటిది "తేలిగ్గా తిరుగుతోంది" అనిపిస్తుంది. ఆ తేడా ఫ్రేముది కాదు, పట్టీది. నాలుగింటికీ ఒకే రకం కొత్త ఓవర్‌గ్రిప్ చుట్టాం. తీగల అదురు తగ్గించే రబ్బరు ముక్కలు, డ్యాంపెనర్లన్నీ తీసేశాం.

స్వింగ్‌వెయిట్: యంత్రం లేకుండా

రాకెట్ తిప్పడానికి ఎంత బరువుగా ఉందో చెప్పేది తూకం కాదు, స్వింగ్‌వెయిట్. అడుగు నుంచి 10 సెంటీమీటర్ల దగ్గర ఇరుసు ఉందనుకుని తీసే జడత్వ భ్రామకం ఇది. ప్రమాణం కిలోగ్రాము‑సెంటీమీటరు వర్గం. తీగలు వేసిన పెద్దల రాకెట్లు ఎక్కువగా 310–330 మధ్య ఉంటాయి. యంత్రం దొరక్కపోతే లోలకం పద్ధతి సరిపోతుంది.

3 మిల్లీమీటర్ల ఉక్కు కడ్డీని బల్ల అంచుకు క్లాంపుతో కదలకుండా బిగించాలి. రాకెట్‌ను తల పైకి, హ్యాండిల్ కిందికి వచ్చేలా వేలాడదీయాలి. నడిమి రెండు నిలువు తీగల మధ్య, అన్నిటికంటే పైనున్న అడ్డ తీగకూ ఫ్రేముకూ మధ్య ఉన్న సందులోంచి కడ్డీ పోవాలి. బరువు ఫ్రేము లోపలి అంచు మీద ఆనాలి, తీగ మీద కాదు. తీగ మీద ఆనితే అది సాగి లెక్క పాడవుతుంది. హ్యాండిల్ అడుగును నాలుగైదు సెంటీమీటర్లు పక్కకు లాగి వదిలి 20 ఊపులకు పట్టిన కాలం చూడాలి. ఊపు వెడల్పు పెరిగితే కాలం కూడా పెరుగుతుంది కాబట్టి చిన్న ఊపే కావాలి. గాలి తగలకుండా ఫ్యాను ఆపాలి.

పాత రాకెట్ లెక్క ఇలా వచ్చింది. బరువు 0.318 కిలో, బ్యాలెన్స్ 32.8, కడ్డీ ఆనిన చోటు అడుగు నుంచి 67 సెంటీమీటర్లు. కడ్డీకీ బ్యాలెన్స్ బిందువుకూ దూరం 34.2. ఇరవై ఊపులకు 28.29 సెకన్లు, అంటే ఒక ఊపుకు 1.4145. ఈ కాలాన్ని వర్గం చేసి, 39.48తో (4π²) భాగించి, బరువు, 981 (గురుత్వ త్వరణం), 34.2 మూడింటితో గుణిస్తే 540.7. అందులోంచి బరువు × 34.2 వర్గం, అంటే 372 తీసేస్తే 168.7 మిగులుతుంది. దానికి బరువు × 22.8 వర్గం, అంటే 165.3 కలిపితే 334. ఇక్కడ 22.8 అంటే బ్యాలెన్స్‌లోంచి 10 తీసేసిన అంకె.

ఇది ఇంకా స్వింగ్‌వెయిట్ కాదు. కడ్డీకి వేలాడిన రాకెట్ తీగల తలానికి సమాంతరంగా పక్కకు ఊగుతుంది, ఆటలో మాత్రం తీగల ముఖం బంతి వైపు ఉండేలా తిరుగుతుంది. ఈ రెండింటికీ తేడా ట్విస్ట్‌వెయిట్ అంత, అంటే ముఖం చేతిలో పక్కకు తిరగకుండా ఎంత నిలుస్తుందో చెప్పే అంకె. మామూలు రాకెట్లకు అది 13–15. మధ్యలో 14 తీసేస్తే 320 వస్తుంది. ఒక అంకె అటూ ఇటూ ఉన్నా పోలికకు నష్టం లేదు, నాలుగింటికీ అదే తీసేస్తాం కాబట్టి. నష్టమంతా గడియారం దగ్గరే. ఇరవై ఊపుల కాలంలో పదో వంతు సెకను తేడా వస్తే ఫలితం 4 అంకెలు మారుతుంది. చేత్తో స్టాప్‌వాచ్ నొక్కడం కంటే ఫోన్‌తో వీడియో తీసి ఫ్రేములు లెక్కపెట్టడం నమ్మకం.

మూడు డెమోల అంకెలు:

ఎరుపు: తల 98, అల్లిక 16×19, 323 గ్రాములు, బ్యాలెన్స్ 32.4, స్వింగ్‌వెయిట్ 318.
నీలం: తల 100, అల్లిక 16×19, 317 గ్రాములు, బ్యాలెన్స్ 33.0, స్వింగ్‌వెయిట్ 318.
పచ్చ: తల 98, అల్లిక 18×20, 322 గ్రాములు, బ్యాలెన్స్ 32.6, స్వింగ్‌వెయిట్ 331.

ఎరుపు, పచ్చ చేతిలో పట్టుకుంటే ఒకటే బరువు. తిప్పితే 13 అంకెల తేడా. దుకాణంలో నిలబడి నాలుగుసార్లు గాలిలో ఊపి కొనేవాళ్లకు ఈ తేడా అందదు. మూడో సెట్‌లో మోచేయి దాకా అందుతుంది.

రెండో మెట్టు: తీగలు సమానం చేయడం

డెమో పరీక్షల్లో ఎక్కువ మంది తప్పుడు నిర్ణయానికి వచ్చేది ఇక్కడే. డెమో రాకెట్‌లో ఏ తీగ ఉందో, ఎంత టెన్షన్‌తో ఎప్పుడు వేశారో చాలాసార్లు ఎవరికీ తెలియదు. పది చేతులు మారిన పాలియెస్టర్ తీగ బిగువు కోల్పోయి బంతిని ఎటో విసురుతుంది. ఆడినవాళ్లు "ఈ రాకెట్‌లో పవర్ ఎక్కువ, అదుపు లేదు" అనుకుని వదిలేస్తారు. పక్క రాకెట్‌లో కొత్త మల్టీఫిలమెంట్ (సన్నటి పోగులు కలిపి చేసిన మెత్తటి తీగ) ఉంటే "చేతికి మెత్తగా ఉంది" అని దాన్ని కొంటారు. ఇద్దరూ చూసింది తీగనే, ఫ్రేమును కాదు.

మూడు డెమోల్లోనూ మూడు రకాల తీగలున్నాయి. ఇచ్చినవాళ్ల అనుమతితో, తీగల ఖర్చు మేమే పెట్టుకుని నాలుగింటికీ ఒకే పాలియెస్టర్ తీగ వేయించాం. మందం 1.25 మిల్లీమీటర్లు, టెన్షన్ 22.5 కిలోలు. పచ్చ రాకెట్‌కు మాత్రం 21.5. 18×20 అల్లికలో గళ్లు చిన్నవి కాబట్టి అదే టెన్షన్‌కు తీగల పడక ఇంకా గట్టిగా తగులుతుంది. ఒక కిలో తగ్గిస్తే పోలిక దగ్గరకు వస్తుంది. గట్టింగ్, అంటే తీగలు వేయడం, అంతా ఒకే మెషీన్ మీద, ఒకే మనిషి చేతిలో జరగాలి. ఒకే అంకె పెట్టినా మెషీన్ మారితే బిగువు మారుతుంది.

డెమోకు తీగలు మార్చడానికి ఒప్పుకోకపోతే తిరగేసి చేయొచ్చు. డెమోలో ఏ తీగ ఉందో కనుక్కుని అదే తీగ, అదే టెన్షన్ పాత రాకెట్‌కు వేయించుకోవాలి. ఖర్చు ఒక్క గట్టింగే, పోలికకు ఇబ్బంది లేదు.

గట్టింగ్ అవగానే కోర్టుకు వెళ్లలేదు. ఏ తీగైనా మొదటి రోజులోనే బిగువు గట్టిగా కోల్పోతుంది, పాలియెస్టర్ ఇంకా ఎక్కువ. ఒక రోజు ఆగి, తీగల మధ్యలో పెన్ను వెనక భాగంతో తట్టి, ఆ మోతను ఫోన్‌లోని ట్యూనర్ యాప్‌తో కొలిచాం. పాత రాకెట్ 540 హెర్ట్జ్ చూపింది. కొన్ని గంటల ఆట తర్వాత అదే 505. టెన్షన్ మోత వర్గాన్ని బట్టి మారుతుంది. అందుకని మోత ఆరున్నర శాతం తగ్గితే బిగువు 12–13 శాతం తగ్గినట్టు లెక్క. ఈ అంకెను ఒకే రాకెట్, ఒకే తీగ మధ్య మాత్రమే పోల్చాలి. 98 తల మోత, 100 తల మోత పక్కపక్కన పెట్టి తేల్చగలిగేది ఏమీ లేదు.

నాలుగూ సమానంగా అరిగేలా వంతులవారీగా ఆడటం ఈ కొలత వల్లే కుదిరింది. కారు డిక్కీలో ఎండకు రాకెట్ వదిలితే ఈ శ్రమ అంతా వృథా. వేడికి తీగ సాగి బిగువు పడిపోతుంది.

గ్రిప్ సైజు

ఎరుపు ఎల్3, మిగతావి ఎల్2. ఎల్2 చుట్టుకొలత నాలుగుంబావు అంగుళాలు, ఎల్3 దానికంటే అంగుళంలో ఎనిమిదో వంతు ఎక్కువ. ఫోర్‌హ్యాండ్ పట్టుతో పట్టుకున్నప్పుడు వేళ్ల కొసలకూ అరచేతి మాంసానికీ మధ్య రెండో చేతి చూపుడు వేలు ఇరుకు లేకుండా, వదులు లేకుండా పట్టాలి. సన్నమైన దాన్ని ఓవర్‌గ్రిప్‌తో దాదాపు అర సైజు పెంచుకోవచ్చు, హీట్ స్లీవ్‌తో (వేడికి ముడుచుకుని హ్యాండిల్‌కు అతుక్కునే గొట్టం) ఒక సైజు. లావుగా ఉన్నదాన్ని తగ్గించడం చాలా ఫ్రేముల్లో కుదరదు. రెండు సైజుల మధ్య సందేహం వస్తే చిన్నదే తీసుకోవాలి. నీలం, పచ్చ హ్యాండిళ్లకు రెండో ఓవర్‌గ్రిప్ వేసి ఎరుపుకు దగ్గర చేశాం. 5 గ్రాములు పెరిగిన సంగతి కాగితం మీద రాసుకున్నాం. చుట్టుకొలత ఒకటే అయినా కోణాలు ఒక్కో కంపెనీవి ఒక్కో రకం. హెడ్ కంపెనీ హ్యాండిళ్లు కాస్త బల్లపరుపుగా ఉంటాయి, ఆ అలవాటు లేనివారికి మొదట్లో ముఖం వంకరగా తెరుచుకున్నట్టు అనిపిస్తుంది.

మూడో మెట్టు: కోర్టులో

ప్రతిసారీ కొత్త బంతుల డబ్బా. నిబంధనల ప్రకారం మామూలు బంతి బరువు 56.0–59.4 గ్రాములు, 254 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలితే 135–147 సెంటీమీటర్లు ఎగరాలి. డబ్బా తెరిచిన కొద్ది రోజులకే ఒత్తిడి పోయి బంతి బరువుగా తగులుతుంది, ఆ తప్పు రాకెట్ మీదికి పోతుంది. ఆట ఎప్పుడూ ఒకే పూట. మధ్యాహ్నం ఎండలో ఎగిరే బంతి వేరు, పొద్దున్నే ఎగిరేది వేరు.

వామప్ ఎప్పుడూ పాత రాకెట్‌తోనే. తర్వాత డెమో, మళ్లీ పాతది, మళ్లీ ఇంకో డెమో. మధ్యలో పాతది పట్టకపోతే చెయ్యి కొత్తదానికి సర్దుకుపోతుంది, తేడా కనబడదు. కొత్త రాకెట్ ఏదైనా మొదటి ఇరవై నిమిషాలు బాగుంటుంది, ఎందుకంటే ఆడేవాళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకుని కొడతారు. ఆ ఇరవై నిమిషాల గురించి కాగితం మీద ఏమీ రాయకూడదని ముందే నియమం పెట్టుకున్నాం.

బేస్‌లైన్‌కు లోపల ఒకటిన్నర మీటర్ల పట్టీని కోన్లతో గుర్తుపెట్టి, క్రాస్‌కోర్టు ఫోర్‌హ్యాండ్, బ్యాక్‌హ్యాండ్ ఆ పట్టీలో పడాలని లక్ష్యం. ఎన్ని పడ్డాయన్నది ఒక్కటే రాస్తే చాలదు, తప్పిన బంతి ఎలా తప్పిందో రాయాలి. అసలు సమాచారం అక్కడే ఉంది. నెట్ స్తంభం దగ్గర ఫోన్ పెట్టి బంతి నెట్ మీదుగా ఎంత ఎత్తులో పోతుందో వీడియో తీశాం.

నెట్‌కు చాలా పైనుంచి పోయి బయట పడితే బంతి తీగల నుంచి ఎక్కువ కోణంలో లేస్తోందని అర్థం. విశాలమైన అల్లికలో, వదులు తీగల్లో ఇది మామూలు. కాస్త టెన్షన్ పెంచితే చాలావరకు సర్దుకుంటుంది. అదే నెట్‌ను రాసుకుంటూ పోయి కూడా బయట పడితే అది వేగం సమస్య. ఫ్రేము గట్టిదనం ఎక్కువ, లేదా ఆ స్వింగ్‌కు టాప్‌స్పిన్ చాలడం లేదు. కుడిచేతి ఆటగాడి ఫోర్‌హ్యాండ్ వరసగా కుడివైపు జారుతుంటే రాకెట్ బంతి దగ్గరకు ఆలస్యంగా వస్తోంది, స్వింగ్‌వెయిట్ ఎక్కువైంది. నెట్‌లో పడుతుంటే రెండు కారణాలు ఉండొచ్చు: అల్లిక దగ్గరగా ఉండి బంతి తక్కువ కోణంలో లేవడం, లేదా చెయ్యి అలసి తల కిందికి వాలడం. మొదటిదైతే ఆట మొదట్లోనే కనబడుతుంది, రెండోది చివర్లో.

నీలం మొదట్లో అందరినీ ఆకట్టుకుంది. బంతి తేలిగ్గా లోతుకు పోయింది, సర్వ్‌లో వేగం కనబడింది. పాత తీగలతో ఒకసారి కొట్టి చూసినప్పుడు ఇంకా అదుపు తప్పింది. అన్నిటికీ ఒకే తీగ వేశాక పాత రాకెట్‌తో ఉన్న దూరం బాగా తగ్గింది, అంటే మొదటి "పవర్"లో కొంత వదులు తీగదే. మిగిలిన తప్పులు మాత్రం నెట్‌ను రాసుకుంటూ పోయి బయటపడే రకం. ఈ ఫ్రేము గట్టిదనం అంకె 71. అరవై రెండు, మూడు దగ్గర మధ్యస్థం అనుకుంటే ఇది బాగా గట్టి. గట్టి ఫ్రేము, గట్టి పాలియెస్టర్ తీగ కలిస్తే మధ్యలో తగలని ప్రతి బంతి కుదుపు మోచేతికి ఎక్కుతుంది. మోచేతి బయటి ఎముక దగ్గర నొప్పి మొదలైతే పరీక్ష అక్కడితో ఆపేయాలి, "అలవాటైపోతుంది" అనుకోకూడదు. మెత్తటి మల్టీఫిలమెంట్ వేసుకుని ఆడేవారికి నీలం మంచి రాకెట్టే. పాలియెస్టర్ వదలనివారికి కాదు.

పచ్చ స్లైస్‌కు, వాలీకి అద్భుతంగా కుదిరింది. ఎదుటి వేగమైన బంతికి అడ్డం పెడితే తల కదలదు, బంతి ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోతుంది. ఆ స్థిరత్వం 331 వల్లే, అదే దాని ఇబ్బంది కూడా. ఆట రెండో గంటలోకి వెళ్లేసరికి ఫోర్‌హ్యాండ్లు పట్టీకి ముందే పడటం మొదలైంది, తర్వాత కుడివైపు జారాయి, తర్వాత నెట్. వరస ఎప్పుడూ అదే. ఇంత స్పష్టంగా అలసట చూపిన రాకెట్ ఇంకోటి లేదు. బలమైన భుజం, పొడవైన స్వింగ్ ఉన్నవాళ్లు దీన్ని వదలకూడదు.

సర్వ్ పరీక్షలో వేగం కంటే రెండో సర్వ్ ముఖ్యం. బేస్‌లైన్ దగ్గర నిలువు కర్రకు అర అడుగుకో గుర్తు పెట్టి, కిక్ సర్వ్ (స్పిన్‌తో నేల తాకి ఎత్తుకు ఎగిరే సర్వ్) అక్కడికి చేరేసరికి ఏ ఎత్తులో ఉందో వీడియోలో చూశాం. ఎరుపు, పాతది సమానం. నీలం కాస్త పైన. పచ్చ అన్నిటికంటే కింద. దగ్గర అల్లికలో తీగలు పక్కకు జారి వెనక్కి రావడం తక్కువ, అందుకే స్పిన్ తగ్గుతుంది.

ఎరుపు మొదట్లో ఎవరికీ పెద్దగా పట్టలేదు. చివరి అరగంట కాగితాలు పక్కపక్కన పెడితే తప్పులు అన్నిటికంటే తక్కువగా ఉన్నది దీనివే. లోపం ఒక్కటే, సర్వ్ రిటర్న్‌లో బంతి తీగల అంచుకు తగిలితే ముఖం చేతిలో తిరిగిపోతోంది. 98 తల, 318 స్వింగ్‌వెయిట్‌కు అది సహజం.

నాలుగో మెట్టు: ఎరుపుకు బరువు జోడించడం

ఈ లోపం టేపుతో తీరేదో కాదో కొనకముందే తేల్చుకోవాలి. గడియారం ముఖంలా చూస్తే హూప్‌కు (తల చుట్టూ ఉన్న ఫ్రేముకు) 3, 9 అంకెల దగ్గర, లోపలి వైపు గ్రోమెట్ల (తీగలు దూరే ప్లాస్టిక్ గొట్టాల) పక్కన, ఒక్కో పక్క ఒకటిన్నర గ్రాముల బరువు టేపు అంటించాం. మొత్తం 3 గ్రాములు. అక్కడి ఒక్కో గ్రాము స్వింగ్‌వెయిట్‌ను 1.8–1.9 పెంచుతుంది, అంటే 318 నుంచి 323–324కు. బ్యాలెన్స్ 2 మిల్లీమీటర్లు తల వైపు జరుగుతుంది. ట్విస్ట్‌వెయిట్ అర అంకెకు కొద్దిగా తక్కువ పెరుగుతుంది. కొంచెమే అనిపించినా రిటర్న్‌లో తెలుస్తుంది. అదే టేపు 12 దగ్గర పెడితే గ్రాముకు 3.3 పెరుగుతుంది కానీ పక్కకు తిరిగే లోపం తగ్గదు, తల బరువు మాత్రమే ఎక్కుతుంది.

సీసం టేపు వాడితే పైన మామూలు టేపు కప్పాలి, తాకిన తర్వాత చేతులు కడుక్కోవాలి. టంగ్‌స్టన్ టేపుకు ఆ భయం లేదు. అంటించే ముందు ఫ్రేమును స్పిరిట్‌తో తుడవకపోతే చెమటకు ఊడి వస్తుంది.

టేపు వేశాక రిటర్న్‌లో ముఖం తిరగడం బాగా తగ్గింది, రెండో గంటలో అలసట కనబడలేదు. 5 గ్రాములకు పెంచి చూస్తే స్వింగ్‌వెయిట్ 327 దాటి, పచ్చ చూపిన కుడివైపు జారుడు ఇక్కడా మొదలైంది. 3 గ్రాముల దగ్గరే ఆపాం.

ఐదో మెట్టు: కొనేటప్పుడు తూకం

ఎంపిక ఎరుపు, ఎల్3. అయితే డెమోలో ఆడింది ఒక ఫ్రేము, కొనేది ఇంకో ఫ్రేము. ఒకే మోడల్, ఒకే అంకె ముద్రించిన రెండు రాకెట్ల మధ్య ఐదారు గ్రాముల తేడా మామూలే, బ్యాలెన్స్‌లోనూ కొన్ని మిల్లీమీటర్లు. అందుకే డెమో తీగలు కోసేటప్పుడే, ఓవర్‌గ్రిప్, టేపు తీసి ఒట్టి ఫ్రేము బరువు, బ్యాలెన్స్ రాసుకున్నాం. దుకాణానికి తూకం, స్కేలు తీసుకెళ్లి, ఉన్నవాటిలో ఆ రెండు అంకెలకు దగ్గరున్నది తీయాలి. రెండూ కుదరకపోతే తేలికైనది ఎంచుకోవాలి. తేలికైనదానికి టేపుతో బరువు కలపొచ్చు, బరువైనదాంట్లోంచి తీసే వీలు లేదు.

తూచడం అయ్యాక వెలుతురులో పట్టుకుని గ్రోమెట్లు విరిగాయేమో, గొంతు (తల, హ్యాండిల్ కలిసే భాగం) దగ్గర రంగు కింద వెంట్రుక సన్నపు చీలిక ఉందేమో చూడాలి. వేలితో తడితే పగిలిన చోట మోత మందంగా వస్తుంది. హ్యాండిల్ అడుగు మూత కదలకూడదు.

కొన్న ఫ్రేముకు మొదటి గట్టింగ్ అదే తీగ, అదే 22.5 కిలోలు. ఒక రోజు ఆగాక లోలకం లెక్క మళ్లీ చేసి, 323–324కు ఎంత తక్కువైతే దానికి సరిపడా టేపు 3, 9 దగ్గర.